మీటరు మీద గంటలు

సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి వెళ్ళినవాడు మొట్టమొదట ఏం చేస్తాడో మీకూ తెలుసు. వంగి మీటరు చూస్తాడు. ఆ తర్వాతే టైర్లూ, రంగూ, పేపర్లూనూ. మీటరు మీద నంబరు తక్కువుంటే మొహం వెలుగుతుంది, ఎక్కువుంటే "అబ్బే, బాగా తిరిగేసిందండీ" అని పెదవి విరుస్తాడు. నేనూ అంతే. కాకపోతే నేను చూసింది బండి మీటరు కాదు, పడవ మీటరు. దానికి కిలోమీటర్లుండవు, గంటలుంటాయి. ఆ గంటల్ని నమ్మి మా మావయ్య చేత మూడు లక్షల ఇరవై వేలు ఖర్చు పెట్టించా. అదీ కథ.

మాది తాడేపల్లిగూడెం. మావయ్యది కొల్లేటి లంకల్లో ఒక ఊరు, కైకలూరుకి దగ్గర. (కైకలూరు 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. మావయ్య మాత్రం ఇప్పటికీ పాత జిల్లా పేరే రాస్తాడు.) అయిదో కాంటూరుకి బయట రెండు చేపల చెరువులున్నాయి ఆయనకి. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు వీళ్ళవి మిగిలాయి. ఆ చెరువుల రాజకీయం మొదలెడితే తెల్లారిపోద్ది, వదిలేద్దాం. శీలావతి, బొచ్చె పెంచుతాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు పోసి చెరువులో కడతారు, చేపలొచ్చి ఆ చిల్లుల దగ్గర తింటాయి. ఆ సంచులు కట్టే పడవకి గెడ చాలు, ఇంజను అక్కర్లేదు.

మరి ఇంజన్ పడవ ఎందుకంటే 2024 సెప్టెంబరు వల్ల.

ఆ నెల మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునగడం టీవీల్లో అందరూ చూశారు. బుడమేరు చివరికి ఎక్కడ కలుస్తుందో ఎంతమందికి గుర్తుందో తెలీదు. కొల్లేట్లో కలుస్తుంది. తమ్మిలేరూ అంతే, రామిలేరూ అంతే. అన్నీ వచ్చి పడేది కొల్లేట్లో, బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. అంటే బెజవాడలో నీళ్ళు తీసి కెమెరాలు సర్దుకునేటప్పటికి లంకల్లో నీళ్ళు పెరగడం మొదలవుతుంది. మావయ్య ఊరి రోడ్డు నాలుగు రోజులు నీళ్ళ కిందే ఉంది. మూడో రోజు పక్కింటి వాళ్ళ కోడలికి నొప్పులొచ్చాయి. గెడ పడవ మీద రెండున్నర గంటలు పట్టింది రోడ్డెక్కడానికి. మధ్యలో గుర్రపుడెక్క అడ్డం పడితే ఇద్దరు దిగి మెడలోతు నీళ్ళలో పడవని తోశారట. తల్లీ పిల్లా క్షేమం. కానీ ఆ రోజు గెడ వేసిన వాళ్ళలో మావయ్య ఒకడు, ఆయనకి అప్పటికి అరవై ఒకటి. ఇంటికొచ్చాక భుజం పట్టేసి వారం పడుకున్నాడు. లేచాక అన్న మొదటి మాట: "ఊళ్ళో ఒక ఇంజన్ పడవుండాల్రా."

2025 సంక్రాంతికి నేను గూడెంలో గోదావరి దిగి ఇంకా ఇంటికి చేరకముందే ఫోను. "అల్లుడూ, రెండు పడవలున్నాయి. నువ్వు కంప్యూటరోడివి కదా, చూసి చెప్పు."

కంప్యూటరుకీ పడవకీ ఏంటి సంబంధం అని అడగాల్సింది. అడగలేదు. ఎవరైనా నిన్ను తెలివైనవాడు అనుకుంటుంటే ఆ భ్రమ పోగొట్టే ధైర్యం ఎవడికుంటుంది?

మొదటి పడవ నర్సాపురం అవతల, సముద్రానికి వేటకెళ్ళే ఆయనది. ఫైబర్ బోటు, వెనక తగిలించే పాత అవుట్‌బోర్డ్ ఇంజను. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీద నడిపే రకం. దానికసలు మీటరే లేదు. ఎన్ని గంటలు తిరిగిందండీ అనడిగితే ఆయన వేళ్ళ మీద లెక్కేశాడు. రోజుకి ఆరు గంటలు, ఏడాదికి రెండొందల రోజులు, మూడేళ్ళు. మూడు వేల ఆరొందల గంటలు! మూలకి చేర్చిన పైకప్పు మీద రంగు లేదు, కిరోసిన్ కంపు, తాడుకి ముళ్ళు. పడవతో కలిపి లక్షా అరవై.

రెండోది ఒక తోట బంగళాలో, షెడ్డు కింద ఉంది. 2018లో సరదాకి కొన్నారట. తెల్లటి బోటు, దిండ్లు కుట్టించిన సీట్లు, పాతిక హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను, తాళం చెవి తిప్పితే స్టార్ట్. మీటరు మీద 212 గంటలు. మూడు లక్షల ఇరవై.

ఆ రాత్రి కూర్చుని ఎక్సెల్ షీటు చేశా. ఇంజను జీవితం మూడు వేల గంటలు అనుకున్నా (ఎక్కడో చదివిన నంబరు). అందులోంచి తిరిగిన గంటలు తీసేసి, ధరని మిగిలిన గంటలతో భాగించా. తెల్ల బోటుకి గంటకి నూట పదిహేను రూపాయలు వచ్చింది. నర్సాపురం బోటుకి మిగిలిన గంటలు మైనస్ ఆరొందలు. అంటే నా లెక్క ప్రకారం ఆ ఇంజను ఆర్నెల్ల క్రితమే చచ్చిపోయుండాలి. అది ఆ రోజు పొద్దున్నే వేటకెళ్ళొచ్చింది :)

ఆ మైనస్ చూసినప్పుడే నాకు బుద్ధి రావాలి. ఆఫీసులో ఏదైనా ప్రోగ్రాం ఇలాంటి జవాబిస్తే "నీ ఊహలో తప్పుంది, డేటాలో కాదు" అని కుర్రాళ్ళకి క్లాసు పీకేది నేనే. ఇక్కడ మాత్రం ఎర్ర రంగులో వచ్చిన మైనస్ చూపించి, "చూశావా మావయ్యా, అది అయిపోయిన సరుకు" అన్నా.

తెల్ల బోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు జరిగినవి రెండున్నాయి, రెండూ అప్పుడు పట్టించుకోలేదు. ఒకటి, మేం వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంది. "మీరొస్తున్నారని ముందే స్టార్ట్ చేసి చూశామండీ" అన్నారు. మావయ్య చెయ్యి పెట్టి "వేడిగా ఉందేంట్రా" అని నావైపు చూశాడు. నాకది మర్యాద అనిపించింది. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో చూడనివ్వకపోవడం అనేది పాత బండ్ల వ్యాపారంలో ఎంత పాత విద్యో నాకు తెలీదు. రెండు, ఎన్ని సర్వీసులు చేయించారు, బిల్లులున్నాయా అని మావయ్య అడిగితే "తిరిగితే కదండీ సర్వీసు చేయించడానికి" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఒక్కటే చాలు లేచి వచ్చేయడానికి.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఒక ఆదివారం మావయ్య ఫోన్లో ఆ చప్పుడు వినిపించాడు కూడా.

జూన్ నెలలో ఒక సాయంత్రం. మావయ్య, అత్తయ్య, ఇద్దరు పాలేళ్ళు. అవతలి ఊళ్ళో పెళ్ళికెళ్ళి వస్తున్నారు. డ్రెయిను దాటి వెడల్పు నీళ్ళలోకి వచ్చాక గుర్రపుడెక్క తగిలింది. మావయ్య ఇంజను గట్టిగా తిప్పి తోసుకుపోదామని చూశాడు. రెండు నిమిషాలకి వెనక నుంచి ఆవిరి, కాలిన రబ్బరు వాసన, ఆ తర్వాత టక్ మని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు. చీకటి పడింది, గాలి లేచింది, పడవ ఎటు కొట్టుకుపోతోందో తెలీదు. అంత అందమైన బోటులో గెడ లేదు! గెడ ఎందుకు, ఇంజనుందిగా అని ఇంట్లోనే వదిలేశారు. ఈత వచ్చినవాళ్ళు ముగ్గురు, రానిది అత్తయ్యకే. లైఫ్ జాకెట్లు నేను కొనిస్తానన్నా, ఇంకా కొనలేదు. కిక్కిసలో పడవ ఇరుక్కుంది కాబట్టి సరిపోయింది. రాత్రి పదకొండుకి దోనె వేసుకుని వచ్చినవాళ్ళు తాడు కట్టి లాక్కెళ్ళారు.

నాకు మర్నాడు తెలిసింది. మావయ్య "ఏం కాలేదులే" అన్నాడు. అత్తయ్య ఫోన్ లాక్కుని ఒకటే అడిగింది. "ఏరా, నీ కంప్యూటరుకి ఈతొచ్చా?"

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట మునిగింది గుర్తుందా? 77 మంది ఎక్కితే 26 మంది బయటపడ్డారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని "ఫిట్‌నెస్ చూసుకోకుండా ఎలా ఎక్కుతారు జనం" అని పెద్ద పెద్ద మాటలు మాట్లాడిన జ్ఞాపకం నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం దిగాను. తెలిసినవాళ్ళ ద్వారా నర్సాపురం నుంచి ఒక ముసలాయన్ని పిలిపించాం, నలభై ఏళ్ళుగా బోటింజన్ల పనే. ఆయన ఇంజను కింది భాగం విప్పి, లోపల్నించి అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం తీసి నా చేతిలో పెట్టాడు. దానికి పువ్వు రేకుల్లా రెక్కలుండాలి. సగం లేవు. ఇంపెల్లర్ అంటారు. కింద నుంచి నీళ్ళు పీల్చి ఇంజను చుట్టూ తిప్పి చల్లబరిచేది అదే. కారుకున్నట్టు రేడియేటర్ ఉండదు వీటికి, ఏ నీళ్ళలో తిరుగుతుంటే ఆ నీళ్ళే.

"ఇది అరిగిపోయింది కాదు బాబూ, ఎండిపోయింది. ఏళ్ళ తరబడి ఒకే పక్కకి వంగి అలాగే ఉండిపోద్ది. రబ్బరు బిరుసెక్కిపోద్దండి. తిప్పగానే ఇరుగుద్ది. ఇరిగిన ముక్కలు పైకెళ్ళి నీళ్ళ దారికి అడ్డం పడతాయి."

పైన విప్పితే ఇంకో కథ. నీళ్ళు తిరిగే దారుల్లో ఉప్పు తెల్లగా గట్టిపడి ఉంది. ఆ బోటు ఎప్పుడో సముద్రంలోనో, ఉప్పుటేరు మొగదగ్గరో సరదాగా తిరిగింది, తర్వాత మంచినీళ్ళతో కడగలేదు. ఉప్పునీళ్ళలో తిప్పిన ప్రతిసారీ మంచినీళ్ళు పట్టి తిప్పాలట. కడక్కుండా షెడ్డులో పెడితే లోపల మిగిలిన ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. దానికి మీటరుతో పనిలేదు. మనకైనా వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు కొల్లేట్లోకి ఎగదన్నుతుంది కదా, అది మంచినీళ్ళ సరస్సు అనుకుని ఊరుకుంటే అంతే సంగతులు. పెట్రోలు ట్యాంకు అడుగున నీళ్ళు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బండికి పర్లేదు, నెలల తరబడి కదలని ట్యాంకులో అడుక్కి చేరుతుంది. చివరాఖరికి, ఇంజను వేడెక్కితే కుయ్యిమని అరవాల్సిన బజర్ వైరు పీకేసి ఉంది. ఎవరు పీకారో, ఎప్పుడు పీకారో! ఊరికే అరుస్తోందని పీకేసి ఉంటారు. ఇలాంటి "ఎర్రర్ మెసేజ్ వస్తోందని లాగింగ్ ఆపేశాం" కేసులు నా ఉద్యోగంలో నేను చాలా చూశా.

నాకప్పటికీ మీటరు వెనక్కి తిప్పారనే అనుమానం. ఇంజనులో చిన్న కంప్యూటరుంటుంది, అది గంటలు విడిగా దాచుకుంటుంది. డీలరు దగ్గర లాప్‌టాప్ తగిలించి చూపించాం. 268 గంటలు. మీటరు మీదా అంతే. మేం తిప్పిన యాభై ఆరు తీసేస్తే సరిగ్గా 212. మీటరు నిజమే చెప్పింది! ఇంకో పట్టిక కూడా వచ్చింది, ఏ స్పీడులో ఎన్ని గంటలు తిరిగిందో. దాదాపు సగం గంటలు ఖాళీగా గుడగుడలాడుతూ, మిగతాది ఎక్కువభాగం చివరి గీత దాకా లాగి. మధ్యలో ఏమీ లేదు. ఫోటోలకి నిలబెట్టడం, తర్వాత చుట్టాలకి ఒక రౌండు కొట్టించడం అన్నమాట. ఈ పట్టిక జనవరిలో ఒక మధ్యాహ్నం ఖర్చు పెడితే నాకు దొరికేది. లాగ్ చూడకుండా ప్రొడక్షన్లో ఏదీ ముట్టుకోను అని చెప్పుకు తిరిగే మనిషిని నేను.

తర్వాత కొంత చదివా (మునిగాక ఈత నేర్చుకోవడం!). చిన్న విమానాల ఇంజన్లకి లైకమింగ్ కంపెనీ వాళ్ళు ఎప్పుడు విప్పి బాగుచెయ్యాలో చెప్తారు. చాలా మోడళ్ళకి రెండు వేల గంటలు, లేదా పన్నెండేళ్ళు, ఏది ముందొస్తే అది. అంటే ఒక్క గంట కూడా ఎగరకపోయినా పన్నెండేళ్ళకి అది పాతదే. పడవ ఇంజను ఆయిల్ కూడా అంతే, వంద గంటలకో ఏడాదికో మార్చమంటారు. మనం మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తాం. అలాగే ట్రాక్టర్ల పాత మీటర్లలో గంటంటే గడియారపు గంట కాదు, ఇంజను ఒక నిర్ణీత వేగంలో తిరిగితేనే గంట, మెల్లగా తిరిగితే మీటరూ మెల్లగానే కదులుతుంది. పడవ మీటర్లు కొన్ని తాళం తిప్పి ఉంచితే చాలు, ఇంజను ఆగున్నా లెక్కపెట్టేస్తాయి. రెండు మీటర్ల మీదా ఒకే అంకె ఉండొచ్చు, అర్థం వేరు. పైగా కారులా కాదు పడవ. కారు ఎత్తు ఎక్కేసి పల్లంలో ఊపిరి తీసుకుంటుంది. పడవకి పల్లం లేదు, నీళ్ళు ఎప్పుడూ ఎదురే.

మరి మూడు వేల ఆరొందల గంటల ఇంజను ఎలా బతికిందంటారా? ముసలాయన్ని అడిగా. "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏట నిషేధం కదండి. అరవయ్యొక్క రోజులు. ఆ రెండు నెల్లూ మా షెడ్డు కాళీ ఉండదు. ఇంజనుతోనే బువ్వ. సముద్రంలో ఆగిందంటే మడిసి తిరిగి రాడు. అందుకని ఆగకముందే ఇప్పుతారు." రింగులు మార్చేవాళ్ళు, సీళ్ళు మార్చేవాళ్ళు, ఎవరి స్థోమత కొద్దీ వాళ్ళు. సరదా బోటాయనకి ఆగిపోతే ఫోను చేసి ఇంకో బోటు పిలిపించుకుంటాడు. ఈ తేడా ఏ మీటరులో కనిపిస్తుంది?

అలాగని ఎక్కువ గంటలు తిరిగిందే మంచిదని చెప్పట్లేదు. అది నా ఎక్సెల్ షీటుని తిరగేసి చదవడం అవుతుంది. ముసలాయన మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళి మూడు పాత ఇంజన్లు చూపించి, రెండిటిని నిమిషాల్లో పక్కన పడేశాడు. ఒకదాని గేరు ఆయిల్ చుక్క వేలి మీద రాసుకుని చూశాడు, పాల టీ రంగులో ఉంది. సీలు పోయి లోపలికి నీళ్ళెళ్తున్నాయని. ఇంకోదాని రెండు సిలిండర్ల కంప్రెషను గేజి పెట్టి చూస్తే ఒకటి రెండోదాని కంటే బాగా తక్కువ. "మొత్తం తగ్గితే వయసండి. ఒక్కటే తగ్గితే జబ్బు." మూడోది పొద్దున్నే, ఎవరూ ముట్టుకోకముందే వెళ్ళాం. మూత మీద ముందు చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాడు లాగాడు. మూడో లాగుకి అందుకుంది. పక్క గొట్టంలోంచి నీళ్ళ ధార ఎంత దూరం పడుతోందో చూశాడు, చెయ్యి అడ్డం పెట్టి వేడి చూశాడు. అమ్మేవాయన దగ్గర ఒక నోట్‌బుక్కుంది, స్కూలు పిల్లలది, అట్ట మీద ఎక్కాలు. ఏ రోజు ఎన్ని లీటర్ల కిరోసిన్ పోశాడు, ప్లగ్గులు ఎప్పుడు మార్చాడు, ఏ నిషేధంలో ఏం విప్పించాడు, అన్నీ పెన్సిల్‌తో. ఆ నోట్‌బుక్కు కూడా ఇస్తేనే బేరం అన్నాడు ముసలాయన. ఇంజను డెబ్బై వేలు, నోట్‌బుక్కు ఊరికే.

తెల్ల బోటు చెక్కు చెదరలేదు. ఇంజను తగిలించే వెనక చెక్కని సుత్తి పిడితో కొట్టి చూశాడు. లోపల ప్లైవుడ్డు తడిసి కుళ్ళితే బొద్దుగా మోగుతుందట, ఇది ఠంగుమంది. కాబట్టి అదే బోటుకి పాత ఇంజను తగిలించాం. దిండ్లు పీకేశాం. కాలిపోయిన ఇంజను బాగుచేయడానికి లక్షా నలభై అన్నారు. చేయించలేదు, షెడ్డులో ఉంది. ఇన్లాండ్ వెస్సెల్స్ చట్టం 2021లో కొత్తది వచ్చింది, 1917 నాటి పాతదాని బదులు. ఇంజనున్న పడవకి సర్వే, రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. మేం కొన్నప్పుడు ఆ కాయితాల ఊసే ఎత్తలేదు, ఇప్పుడు మావయ్య ఆ పని మీద తిరుగుతున్నాడు. దాంతోపాటు అభయారణ్యం హద్దులో ఇష్టం వచ్చినట్టు ఇంజను పడవ తిప్పడానికి లేదు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు, ఆటపాక పెలికాన్‌ల సంగతి మనకంటే వాటికే ముఖ్యం. ఇది వరద రోజులకీ, డ్రెయిను వెంట పోవడానికీ.

డబ్బుల సంగతి ఇంకా తేలలేదు. నష్టపోయింది నా మాట వల్ల కాబట్టి నేనిస్తానన్నా. మావయ్య "నువ్వు చెప్పావు, నేను కొన్నాను" అని కొట్టిపారేశాడు. అమ్మ ద్వారా పంపితే తిరిగొచ్చింది. చివరికి అయిదు లైఫ్ జాకెట్లూ, ఒక గెడా కొనిచ్చా. గెడ కూడా నువ్వే కొనాలా అని నవ్వాడు కానీ, తీసుకున్నాడు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటుతుందన్నప్పుడు మావయ్య పడవ గట్టుకి కట్టి, ట్యాంకు నింపి, రాత్రంతా టార్చిలైటుతో రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడట. అదృష్టం, అవసరం పడలేదు. నోట్‌బుక్కులో ఆ రోజు పేజీ ఉంది, మొన్న వెళ్ళినప్పుడు చూశా. "28.10. తిరగలేదు. పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాను. నీళ్ళ ధార బాగుంది." దాని కింద, వేరే చేతి రాతతో, "జాకెట్లు 5 ఉన్నాయి."

అది అత్తయ్య రాత. ఆవిడ మాత్రం ఇంకా ఆ పడవ ఎక్కలేదు.